ముసలి పిల్లి: మూత్రపిండాల జబ్బు, రక్తపోటు

పదేళ్లు దాటిన పిల్లుల్లో ఎక్కువగా కనిపించే దీర్ఘకాలిక వ్యాధుల్లో మూత్రపిండాల జబ్బు ముందు వరసలో ఉంటుంది. ఆ వయసు పిల్లుల్లో సుమారు మూడోవంతుకు ఏదో ఒక స్థాయిలో ఇది ఉంటుందని పశువైద్యులు సాధారణంగా చెప్పే లెక్క. పదిహేనేళ్లు దాటినవాటిలో అయితే సగానికి పైనే. వీటిలో చాలావాటికి రక్తపోటు కూడా తోడవుతుంది. చెడిన మూత్రపిండం రక్తపోటును పెంచుతుంది, పెరిగిన రక్తపోటు మిగిలిన మూత్రపిండాన్ని చెడగొడుతుంది. మొదటి జబ్బు నయమయ్యేది కాదు, దాని నడకను నెమ్మదింపజేయడమే చేయగలిగింది. రెండోదాన్ని మాత్రం రోజుకో చిన్న మాత్ర ముక్కతో అదుపులో పెట్టవచ్చు. విచిత్రం ఏమిటంటే, ఇంటివాళ్ల శ్రద్ధ అంతా మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్షలోని క్రియాటినిన్ అంకె మీదే ఉంటుంది. బీపీ కొలిపించాలన్న ఆలోచన పిల్లి చూపు పోయి గోడకు గుద్దుకున్నాక గాని రాదు.

మూత్రపిండం అరిగే తీరు

పెంపుడు పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియాల్లోని ఎడారి అంచుల్లో బతికిన అడవి పిల్లులు. తిన్న ఎలుకలో, పిట్టలో ఉన్న తేమతోనే చాలావరకు గడుపుకునేవి. అందుకే మూత్రాన్ని బాగా చిక్కబరిచి నీటిని ఒంట్లోనే దాచుకునే శక్తి వీటికి ఉంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మూత్రం విశిష్ట సాంద్రత సాధారణంగా 1.035కు పైనే ఉంటుంది. అవసరపడితే 1.080 దాకా పోగలదు. ఇంత పని చేసే అవయవంలో వడపోత యూనిట్లు, అంటే నెఫ్రాన్లు, మాత్రం తక్కువ. మనిషి ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షలుంటే పిల్లికి 2 లక్షలే. పోయిన నెఫ్రాన్ మళ్లీ పుట్టదు. మిగిలినవి దాని పని కూడా మోస్తాయి. అలా మోయడంలో వాటిలోపలి ఒత్తిడి పెరిగి అవి కూడా అరుగుతాయి. మూడింట రెండు వంతులు పోయేసరికి మూత్రం పలచబడుతుంది. నాలుగింట మూడు వంతులు పోయాక గాని రక్తంలో క్రియాటినిన్ పెరగదు. రిపోర్టులో తేడా మొదటిసారి కనిపించేనాటికి జబ్బు వచ్చి చాలాకాలం అయి ఉంటుంది.

అసలు కారణం ఏమిటన్నది చాలా పిల్లుల్లో తేలదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే నాళికల చుట్టూ వాపు, మచ్చకట్టిన కణజాలం కనిపిస్తాయి. వాటిని మొదట రెచ్చగొట్టింది ఏదో అప్పటికి ఆనవాలు ఉండదు. పర్షియన్ పిల్లుల సంగతి వేరు. మూత్రపిండాల్లో నీటి తిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బు వీటిలో ఎక్కువ. దానికి కారణమైన జన్యు లోపాన్ని 2004లో గుర్తించారు. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు, జబ్బు వస్తుంది. హైదరాబాద్ వంటి నగరాల్లో డబ్బు పెట్టి పర్షియన్ పిల్లను కొనేవాళ్లు తల్లిపిల్లికి స్కానింగ్ అయిందో లేదో అడిగితే తర్వాతి బాధ కొంత తప్పుతుంది. అడిగేవాళ్లు తక్కువ.

ఇంట్లో కనిపించే గుర్తులు

ఎక్కువ నీళ్లు తాగడం, ఎక్కువ మూత్రం పోయడం పుస్తకాల్లో మొదట ఉండే లక్షణాలు. ఇసుక ట్రే వాడే ఇంట్లో అవి తెలుస్తాయి, ఎత్తిపోసే ముద్దలు పెద్దవవుతాయి. పిల్లి పెరట్లోకో డాబా మీదికో పోయి పని కానిచ్చుకొచ్చే ఇంట్లో ఆ గుర్తు అందదు. అలాంటిచోట నమ్మదగ్గది బరువు. జబ్బు బయటపడే ముందు ఏడాదిలోనే పిల్లులు సగటున 9 శాతం దాకా బరువు తగ్గుతాయని అమెరికాలో 2016లో వెలువడిన అధ్యయనం చూపింది. నాలుగు కిలోల పిల్లికి అది సుమారు 360 గ్రాములు. ఒత్తైన బొచ్చు కింద ఆ తేడా కంటికి ఆనదు. పిల్లిని ఎత్తుకుని మన బరువు యంత్రం మీద నిలబడితే అంత సూక్ష్మంగా తేలదు. పసిపిల్లలను తూచే యంత్రం మంచిది. నెలకోసారి తూచి, తేదీ వేసి రాసుకుంటే ఏ ల్యాబు రిపోర్టుకూ తీసిపోని సమాచారం అది.

ఆ తర్వాత వచ్చేవి తేలిగ్గానే తెలుస్తాయి: బొచ్చు నాక్కోవడం మానేసి జడలు కట్టడం, తిండి దగ్గరికి వచ్చి వాసన చూసి వెళ్లిపోవడం, పొద్దున్నే నురగ వాంతి, నోటి దుర్వాసన, గట్టి పెంటికలు. "ముసలిదైపోయింది కదా" అని సరిపెట్టుకునేది వీటినే.

పరీక్షలు, దశలు

జబ్బు తీవ్రతను లెక్కించడానికి ప్రపంచమంతటా వాడేది ఐరిస్ పద్ధతి. ఐరిస్ అంటే మూత్రపిండాల మీద పనిచేసే పశువైద్యుల అంతర్జాతీయ బృందం, 1998లో ఏర్పడింది. పిల్లుల్లో క్రియాటినిన్ డెసిలీటరుకు 1.6 మి.గ్రా. లోపుంటే మొదటి దశ, 1.6 నుంచి 2.8 వరకు రెండోది, 2.9 నుంచి 5 వరకు మూడోది, 5 దాటితే నాలుగోది. దీని పక్కనే మూత్రంలో ప్రోటీను ఎంత పోతోంది, రక్తపోటు ఎంత అన్నవి ఉపవిభాగాలుగా చేరుస్తారు. బీపీ కొలవకుండా దశ రాసిన రిపోర్టు ఆ లెక్కన అసంపూర్ణం.

క్రియాటినిన్ కండరం నుంచి వచ్చే పదార్థం. ఎముకల గూడులా చిక్కిపోయిన పిల్లిలో కండ తక్కువ కాబట్టి అంకె కూడా తక్కువే వస్తుంది, జబ్బు ముదిరినా మామూలుగానే ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ఈ లోటు తీర్చడానికి 2015 నుంచి ఎస్‌డీఎంఏ అనే పరీక్ష వాడుకలోకి వచ్చింది. అది కండ మీద అంతగా ఆధారపడదు. ఏ పరీక్షయినా ఒంట్లో నీరు ఎండిపోయి ఉన్నప్పుడు చేస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. అందుకే ముందు నీరు పట్టించి, కొన్ని రోజులు ఆగి మరోసారి చూశాకే దశ తేలుస్తారు.

థైరాయిడ్ పరీక్ష కూడా వీటితో పాటే జరగాలి. ముసలి పిల్లుల్లో థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు తరచుగా వస్తుంది. అది మూత్రపిండాలకు రక్తప్రవాహాన్ని పెంచి కిడ్నీ జబ్బును కప్పిపెడుతుంది, రక్తపోటునూ పెంచుతుంది. థైరాయిడ్‌కు మందు మొదలుపెట్టాక కిడ్నీ అంకెలు ఒక్కసారిగా పెరిగితే అది మందు చేసిన చేటు అనుకోకూడదు. ముసుగు తొలగిందంతే.

రక్తపోటు

మనిషిలాగే పిల్లికీ పై అంకె, కింది అంకె ఉంటాయి. వైద్యంలో లెక్కకు వచ్చేది పై అంకే. 140 లోపు భయం లేదు. 140 నుంచి 159 వరకు గమనించాల్సిన స్థితి. 160 నుంచి 179 వరకు అధికం. 180, ఆపైన అయితే కన్ను, మెదడు, గుండె, మూత్రపిండం దెబ్బతినే ప్రమాదం చాలా ఎక్కువ.

కొలవడమే కష్టం. పిల్లి క్లినిక్‌కు వచ్చిందంటేనే సగం బీపీ పెరిగినట్టు. పక్క గదిలో కుక్క మొరిగితే మిగతా సగం. సరిగా చేసే చోట వరస ఇలా ఉంటుంది. తలుపు వేసిన నిశ్శబ్దమైన గదిలో పిల్లిని బుట్టలోంచి తనంతట తాను బయటికి రానిస్తారు. అయిదు నుంచి పది నిమిషాలు ఎవరూ ముట్టుకోరు. తర్వాత యజమాని ఒళ్లోనే కూర్చోబెట్టి ముందుకాలికో తోక మొదలుకో పట్టీ చుడతారు. పట్టీ వెడల్పు ఆ కాలి చుట్టుకొలతలో 30 నుంచి 40 శాతం ఉండాలి. ఇరుకైతే అంకె ఎక్కువ వస్తుంది, వెడల్పైతే తక్కువ వస్తుంది. డాప్లర్ పరికరమైతే పంజా అడుగున జెల్లు రాసి బిళ్లను ఆనిస్తారు, రక్తం పారే చప్పుడు వినిపిస్తుంది. తెలిసిన వైద్యులు ఆ చప్పుడుకు పిల్లి బెదరకుండా చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటారు. మొదటి కొలత వదిలేసి, ఆ తర్వాతి అయిదారు తీసుకుని సగటు కడతారు. ఏ కాలికి, ఏ పట్టీతో కొలిచారో కాగితం మీద రాస్తారు, వచ్చేసారి అదే వాడడానికి. రక్తం తీయడం, ఉష్ణోగ్రత చూడడం అన్నీ దీని తర్వాతే. మూడు నిమిషాల్లో ఒక్కసారి కొలిచి చెప్పిన 190ని నమ్మి మందు మొదలుపెట్టడం తొందరపాటు. అలాగే 190ని "భయంతో వచ్చిందిలే" అని కొట్టిపారేసి కంటిపాప వెనక చూడకుండా పంపేయడం అంతకన్నా పెద్ద తప్పు.

కన్ను ఇక్కడ సాక్షి. పెరిగిన ఒత్తిడికి కంటి లోపలి సన్నని నాళాలు కారి, రెటీనా వెనక నీరు చేరి, అది ఊడివస్తుంది. పట్టపగలు కూడా కంటిపాపలు పెద్దవిగా తెరుచుకుని ఉండడం, కంట్లో ఎర్రగా రక్తం కనబడడం, దూకే చోట ఆగిపోవడం గుర్తులు. అలవాటైన ఇంట్లో పిల్లి మీసాలతో, జ్ఞాపకంతో తిరిగేస్తుంది. కుర్చీ జరిపిన రోజు గాని చూపు పోయిందని తెలియదు. ఇది అత్యవసరం. ఒకటి రెండు రోజుల్లో బీపీ దించగలిగితే కొన్ని పిల్లులకు చూపు కొంతైనా తిరిగి వస్తుంది. వారాలు గడిస్తే ఆశ తక్కువ. మెదడుకు దెబ్బ తగిలితే మూర్ఛ, తూలడం, అర్ధరాత్రి అరుపులు కనిపిస్తాయి.

మందులు

ప్రపంచంలో ఎక్కడైనా పిల్లి బీపీకి మొదట వాడేది ఆమ్లోడిపిన్. సాధారణంగా రోజుకు 0.625 మి.గ్రా.తో మొదలుపెడతారు. 200 దాటిన పిల్లికి 1.25 మి.గ్రా. ఇస్తారు. యూరప్‌లో పిల్లుల కోసమే చేసిన మాత్ర ఉంది. మన దగ్గర మనుషుల మందుల షాపులో దొరికే 2.5 మి.గ్రా. మాత్రను నాలుగు ముక్కలు చేస్తే సరిగ్గా ఆ మోతాదు వస్తుంది, ఖర్చూ నామమాత్రమే. అయితే షాపులో రెండు మెలికలున్నాయి. ఎస్-ఆమ్లోడిపిన్ పేరుతో అమ్మే మాత్ర 2.5 మి.గ్రా.ది అయినా బలంలో మామూలు 5 మి.గ్రా. మాత్రతో సమానం. ఇక పేరు చివర అదనపు అక్షరాలు తగిలించిన మాత్రల్లో అటెనొలాల్, టెల్మిసార్టాన్ లాంటి రెండో మందు కలిసి ఉంటుంది. పిల్లికి కావలసింది ఒంటరి ఆమ్లోడిపిన్. అట్ట వెనక మందు పేరు చదివి కొనాలి, మాత్రలు కోసే చిన్న డబ్బా ఒకటి తెచ్చుకోవాలి.

రెండో మందు టెల్మిసార్టాన్. యూరప్‌లో 2013 నుంచి మూత్రంలో ప్రోటీను పోయే పిల్లులకు వాడుతున్నారు. అమెరికా ప్రభుత్వం 2018లో పిల్లుల రక్తపోటుకు అనుమతించింది. నోట్లో పోసే ద్రవం కాబట్టి మాత్ర ఉమ్మేసే పిల్లికి సుఖం. ఇది నెఫ్రాన్ నుంచి బయటికి పోయే నాళాన్ని వెడల్పు చేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తుంది. ఆ కారణంగానే ఒంట్లో నీరు ఎండిన పిల్లికి, తిండి మానేసిన పిల్లికి దీన్ని మొదలుపెట్టరు, వడపోత మరీ పడిపోతుంది. బెనజిప్రిల్ వంటివి ప్రోటీనుకు పనికొస్తాయి గాని పిల్లుల్లో బీపీని ఒంటరిగా దించలేవు.

మందు మొదలుపెట్టిన వారం పది రోజులకు మళ్లీ కొలవాలి. గురి 160 లోపు, కుదిరితే 140 దరిదాపులకు. 110 కన్నా పడిపోయి పిల్లి నీరసంగా వాలిపోతే మోతాదు ఎక్కువైనట్టు. కుదురుకున్నాక మూడు నాలుగు నెలలకోసారి చాలు. మందు ఒక్కసారిగా ఆపకూడదు. ఊరెళ్లేటప్పుడు పిల్లిని చూసుకునేవాళ్లకు తిండి గిన్నె ఎక్కడుందో చెప్పినట్టే ఈ మాత్ర ముక్క సంగతీ చెప్పాలి.

తిండి

కిడ్నీ జబ్బు పిల్లుల కోసమే తయారుచేసే కిడ్నీ ఆహారం ఆయుష్షు పెంచుతుందన్నది ఈ జబ్బులో అన్నిటికన్నా గట్టి ఆధారమున్న విషయం. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ ఆహారం తిన్న పిల్లులు సగం 633 రోజులు దాటి బతికితే, తినని వాటికి ఆ అంకె 264 రోజులు. ఇందులో అసలు పని చేసేది ఫాస్ఫరస్ తగ్గింపు అని ఇప్పుడు ఎక్కువమంది నమ్మిక. ప్రోటీను కాస్త తక్కువ, పొటాషియం, చేపనూనె కాస్త ఎక్కువ.

"ప్రోటీను తగ్గించాలన్నారు" అని విని పెరుగన్నం మొదలుపెట్టే ఇళ్లున్నాయి. ఇది పొరపాటు. పిల్లి మాంసాహారి. టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే అందాలి, లేకపోతే రెటీనా, గుండె కండరం చెడతాయి. అన్నం మీద బతికే కిడ్నీ పిల్లి తన కండనే తినేసుకుంటుంది. మరోవైపు ఎండుచేపలు, ఎండ్రొయ్యలు, ముళ్లతో సహా చిన్నచేపలు ఫాస్ఫరస్, ఉప్పు రెండూ దండిగా ఉన్న తిండి. అవి అలవాటైన పిల్లికి తగ్గిస్తూ పోవాలి. పాలలోనూ ఫాస్ఫరస్ ఉంది, పెద్ద పిల్లులకు అరగదు కూడా. ఇంట్లో వండి పెట్టాలంటే ఎముక లేని కోడిమాంసం, గుడ్డు తెల్లసొన వంటివాటితో పశువైద్య పోషకాహార నిపుణులు లెక్క కట్టి ఇచ్చిన కొలతల ప్రకారం, విటమిన్లు కలిపి వండాలి. ఊహ మీద వండితే ఏదో ఒకటి తక్కువవుతుంది.

కొత్త తిండి రుచించక పిల్లి పస్తుంటే దాన్ని బెదిరించి దారికి తేవడం కుదరదు. మూడు నాలుగు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ప్రాణాంతకమవుతుంది. పాతదాంట్లో కొద్దికొద్దిగా కలుపుతూ వారాల మీద మార్చాలి. వాంతులవుతున్న రోజుల్లో, ఆసుపత్రిలో ఉన్నప్పుడు అసలు మొదలుపెట్టకూడదు. ఆ వికారాన్ని పిల్లి జీవితాంతం ఆ తిండికి అంటగడుతుంది. ఎంత గొప్ప ఆహారమైనా తింటేనే మందు. మామూలు తిండి తినే పిల్లి, కిడ్నీ తిండి ముందు పస్తున్న పిల్లికన్నా ఎన్నో రెట్లు నయం. అలాంటప్పుడు ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే పొడిని తిండిలోనే కలిపి పెడతారు.

నీళ్లు, చర్మం కింద సెలైన్

ఎక్కువ మూత్రం పోస్తోందని నీళ్ల గిన్నె తీసేయడం మంచి చేయకపోగా చంపుతుంది. మన వేసవిలో మరీను. ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెలు, రోజూ మార్చే నీళ్లు ఉండాలి. తడి ఆహారంలో 75 శాతానికి పైగా నీరే ఉంటుంది, ఎండు గింజల్లో పది శాతం.

ఇంత చేసినా ఎండిపోయే పిల్లికి, సాధారణంగా మూడో దశ నుంచి, ఇంట్లోనే చర్మం కింద సెలైన్ ఎక్కించడం నేర్పుతారు. రింగర్ లాక్టేట్ సీసాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, కిటికీ ఊచకో కర్టెన్ కడ్డీకో వేలాడదీస్తారు. గొట్టంలో గాలి పోయేదాకా కొంత కారనిచ్చి 18 లేదా 20 నంబరు సూది బిగిస్తారు. పిల్లి తువ్వాలు మీద, గోడ వైపు తిరిగి కూర్చుంటుంది. భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకి లేపి, ఆ బోలులోకి వెన్నుకు సమాంతరంగా సూది గుచ్చి గొట్టం మీది చక్రం వదులుతారు. అవతలి వైపు బొచ్చు తడిసిందంటే సూది చర్మం దాటి బయటికి వచ్చిందన్నమాట. 100 మి.లీ. దిగడానికి కొద్ది నిమిషాలే పడుతుంది, సీసా మీద గీతలు చూసుకోవాలి. ఆపాక సూది తీసి ఆ చోటును వేళ్లతో నొక్కి పట్టాలి. మూపున చిన్న మూటలా లేస్తుంది, జారి ముందుకాలి వైపు వేలాడుతుంది, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. చూసేవాళ్లకు భయంగా ఉంటుంది గాని ఇది మామూలే. సూది ప్రతిసారీ కొత్తది వాడాలి.

రెండు జబ్బులూ ఒకదానికొకటి అడ్డం తిరిగేది ఇక్కడే. సెలైన్‌లో ఉప్పుంది. బీపీ అదుపులో లేని పిల్లికి, గుండె గోడ మందమైన పిల్లికి అది ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసం, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే సెలైన్ ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. బాగా తాగుతూ, తింటూ తిరుగుతున్న రెండో దశ పిల్లికి "బలానికి" సెలైన్ పెట్టించడం అనవసరం.

తోడు సమస్యలు

పొటాషియం పడిపోతే పిల్లి మెడ ఎత్తలేక తల వాల్చి నడుస్తుంది, పొటాషియం మందుతో అది కోలుకుంటుంది. వికారానికి మరోపిటెంట్, ఆకలికి మిర్టజపిన్ వాడతారు. రెండోది మనుషుల మాత్రలో చిన్న ముక్క, రోజు విడిచి రోజు. మలబద్ధానికి లాక్టులోజ్. ముదిరిన జబ్బులో రక్తహీనత వస్తుంది. అందుకోసం మోలిడుస్టాట్ అనే మందుకు అమెరికాలో 2023లో షరతులతో కూడిన అనుమతి దొరికింది. పారాసెటమాల్ పిల్లికి విషం, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మిగిలిన మూత్రపిండాన్నీ తినేస్తాయి. లిల్లీ జాతి పూలమొక్కల పుప్పొడి నాకినా చాలు, మూత్రపిండాలు పూర్తిగా ఆగిపోతాయి.

కిడ్నీ మార్పిడి అమెరికాలో 1987 నుంచి కొద్ది చోట్ల జరుగుతోంది. దానమిచ్చిన పిల్లిని కూడా యజమానే పెంచుకోవాలన్నది అక్కడి షరతు. జపాన్‌లో తోరు మియజాకి బృందం పిల్లుల్లో ఏఐఎం అనే ప్రోటీను సరిగా పనిచేయకపోవడమే వాటి మూత్రపిండాల బలహీనతకు కారణమని ప్రతిపాదించి మందు తయారీకి పూనుకుంది. 2021లో నిధులు చాలక పని ఆగిందని తెలిసి అక్కడి పిల్లి ప్రేమికులు విరాళాలు కుమ్మరించారు.

చివరి దశ

రెండో దశలో పట్టుబడిన పిల్లి మూడేళ్లకు పైగా హాయిగా గడపడం అరుదేమీ కాదు. నాలుగో దశలో లెక్క సాధారణంగా నెలల్లో ఉంటుంది. అప్పుడు సంరక్షణ తీరు మారుతుంది. కిడ్నీ తిండి పట్టుదల వదిలేసి ఇష్టమైనది పెట్టవచ్చు. అంకె చూసుకోవడం కోసమే వారం వారం రక్తం తీయించనక్కర్లేదు. మాత్రలు అయిదారుంటే వాటిలో పిల్లికి ఈరోజు సుఖమిచ్చేవి ఏవో డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. వికారం మందు ఉంచుతారు. బీపీ మాత్ర కూడా తిండి, నీళ్లు తీసుకుంటున్నంత కాలం ఉంచుతారు, ఉన్న బాధకు గుడ్డితనం తోడవకుండా. అయితే ఒళ్లు ఎండి, తిండి మానేసినప్పుడు రక్తపోటు దానంతటదే పడిపోతుంది. అప్పుడు కొలవకుండా పాత మోతాదే ఇస్తే పిల్లి లేవలేదు. వరసగా రోజుల తరబడి తినకపోవడం, లేచి ట్రే దాకా పోలేకపోవడం, దగ్గరికి తీసుకున్నా స్పందించకపోవడం కలిసి వచ్చినప్పుడు మత్తు ఇంజెక్షనుతో దయామరణం ఇవ్వడం పశువైద్యంలో ఆమోదించిన పద్ధతి. దాని గురించి, ఇంటికి వచ్చి చేసే వీలుందా అన్నదాని గురించి, ముందుగానే మాట్లాడి పెట్టుకోవడం మంచిది.